లైసెన్స్ మా ఆయనది, బండి నాది

చలానా వేరు, లైసెన్స్ సస్పెన్షన్ వేరు. మా వైపు బండ్లు తిప్పుకునే వాళ్లలో చాలామంది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. డబ్బు కట్టి రసీదు తీసుకుంటే ఆ గొడవ తీరిపోయినట్టే అంటారు. కొన్నాళ్లకు రిజిస్టర్ పోస్టులో కవరు వస్తే, "కట్టేశాం కదా, మళ్లీ ఇదేంది" అని దాన్ని ట్యూబ్‌లైట్ పట్టీ వెనక దోపేస్తారు. మా ఇంటికీ అలాంటి కవరే వచ్చింది. దాన్ని పట్టుకుని నేను తిరిగిన తిరుగుడు గురించే ఇదంతా.

మాది పొదిలి దగ్గర పల్లె. ఇంట్లో ఒక బొలెరో పికప్ ఉంది. డ్వాక్రా గ్రూపులో ఉన్నది నేను, బ్యాంకు లోను వచ్చింది నా పేరు మీద, అందుకని ఆర్‌సీ కూడా నా పేరు మీదే. నడిపేది మా ఆయన. పొగాకు సీజన్లో బేళ్లు వేలం కేంద్రానికి, బత్తాయిలుంటే నెల్లూరుకి, మిగతా రోజుల్లో ఎరువులు, సిమెంటు, పెళ్లి సామాన్లు, ఏదొస్తే అది. కాగితాల పని నాది. ఇన్సూరెన్స్ ఎప్పుడు అయిపోతుంది, ఫిట్‌నెస్ ఎప్పుడు చేయించాలి, కిస్తీ ఏ తారీఖున కడతారు, ఇవన్నీ నాకే తెలుసు. ఇంటర్ దాకా చదివించింది ఇందుకేనా అని మా అమ్మ ఎగతాళి చేస్తుంది.

జనవరి వచ్చిందంటే మిరపకాయ కోతలు. మా పల్లెల నుంచి కూలీల ముఠాలు దర్శి, అద్దంకి వైపు పోతాయి. తెల్లారకముందే మేస్త్రి ఫోన్ చేస్తాడు. ఆడవాళ్లు క్యారేజీలు, నీళ్ల సీసాలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడతారు. ఆటోలైతే రెండు మాట్లాడాలి, ట్రాలీ అయితే ఒక్కటి చాలు, అందరూ ఒకేసారి చేనుకు చేరతారు. మా బండి ఒక్కటే కాదు, ఆ సీజన్లో ఆ రోడ్డు మీద పోయే ట్రాలీలన్నిటిలో మిరపకాయలకన్నా మనుషులే ఎక్కువ కనిపిస్తారు. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. తెల్లారి ఐదింటికి మా ఊరి మీదుగా బస్సే లేనప్పుడు ఫ్రీ అయితే ఏం, టికెట్ అయితే ఏం.

ఆ రోజు దర్శి ఇంకా రాకముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి ఆపాడు. వెనక తొట్టిలో కూలీలు, మా ఆయన చెవి దగ్గర ఫోన్. ఫోన్లో ఉన్నది మేస్త్రే, "ఎందాకా వచ్చారన్నా" అని అడుగుతున్నాడట. ఇక చెప్పుకోవడానికి ఏముంది? ఇన్‌స్పెక్టర్ కేకలు వేయలేదట. ముందు ఆడవాళ్లను దించి, వెనకాల వస్తున్న ఆర్టీసీ బస్సును చెయ్యెత్తి ఆపి, వాళ్లను ఎక్కించాకే కాగితాలు అడిగాడట. ఆలస్యంగా పోయినందుకు చేను రైతు వాళ్లకు సగం కూలే ఇచ్చాడని తర్వాత తెలిసింది. ఆ సంగతి ఏ రిపోర్టులోనూ ఉండదు.

సాయంత్రం మా ఆయన రెండు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి వెహికల్ చెక్ రిపోర్ట్, అందరూ వీసీఆర్ అంటారు. రెండోది లైసెన్స్ తీసుకున్నట్టు ఇచ్చిన చీటీ. "ఈ చీటీ ఉంటే చాలంట, బండి నడుపుకోవచ్చంట" అన్నాడు. ఎవరు చెప్పారంటే టీ కొట్టు దగ్గర ఇంకో డ్రైవరు చెప్పాడన్నాడు. నాకు అనుమానం వచ్చి, వరసకు బాబాయి అయ్యే లాయరు గారు ఒకాయన ఉంటే ఆయనకు వాట్సాప్‌లో ఫొటో పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేసి, "అమ్మాయ్, అబ్బాయిని స్టీరింగు ముట్టుకోవద్దని చెప్పు" అన్నాడు.

ఆయన చెప్పింది నేను తర్వాత చట్టంలో కూడా చూసుకున్నాను. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్లో లైసెన్స్ తీసుకున్నప్పుడు ఇచ్చే చీటీలు రెండు రకాలు. మనిషి కేసు తప్పించుకుని పోతాడేమోనని తీసుకుంటే, ఆ చీటీ మీద లైసెన్స్ తిరిగి వచ్చేదాకా, లేదంటే దాని మీద వేసిన తేదీ దాకా బండి నడుపుకోవచ్చు. అదే సెక్షన్ నాలుగో ఉపవిభాగం కింద, అంటే అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, బైక్ మీద ముగ్గురు ఎక్కడం, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం లాంటి వాటికి లైసెన్స్ తీసుకుని సస్పెన్షన్ కోసం పంపితే, ఆ చీటీ ఉత్త రసీదే. దాంతో బండి నడపడానికి లేదు. ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడుతూ నడపడం 184వ సెక్షన్ కిందికి, అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. మా చీటీ రెండో రకం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, మీద రాసిన సెక్షన్ నంబరు చదవాలి, అంతే.

జరిమానా సంగతి పెద్దగా చెప్పేది లేదు. 184కి చట్టంలో మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా ఉంది, జైలు మాట కూడా ఉంది. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే 10,000 దాకా పోతుంది. మనుషుల్ని ఎక్కించినందుకు వేరే రాశారు. మొత్తం కట్టాను. అదేం పెద్ద కష్టంగా అనిపించలేదు.

కష్టం కవరుతో వచ్చింది. నోటీసు మా ఆయన పేరు మీద, లైసెన్సింగ్ అధికారి నుంచి. "మీ లైసెన్సును ఎందుకు రద్దు చేయకూడదో వివరణ ఇవ్వగలరు" అని ఉంది. సస్పెండ్ కాదు, రద్దు. మళ్లీ మళ్లీ చదివాను. కింద చిన్న అక్షరాల్లో కారణం ఉంది: ఇది రెండో నేరం అని. మొదటిది ఏదంటే, ఆ ముందు సంవత్సరం కావలి దగ్గర హైవే మీద మా బండికి పడ్డ అతివేగం చలానా. నంబరు మాదే, తారీఖూ సరిపోయింది. కానీ ఆ రోజు బండి మీద ఉన్నది మా ఆయన కాదు, మా మరిది. నెల్లూరులో బత్తాయిలు దించి ఖాళీ బండితో వస్తూ కెమెరాకు దొరికాడు.

2019లో చట్టం మార్చాక 19వ సెక్షన్లో ఈ లెక్క వచ్చింది. ఇలా పంపిన లైసెన్సును మొదటిసారి అయితే మూడు నెలలు పక్కన పెట్టవచ్చు. రెండోసారి అయితే రద్దే. రద్దయిన వాళ్ల పేర్లు జనానికి తెలిసేలా బయట పెట్టవచ్చని కూడా రాశారు. నెల నెలా కిస్తీ కట్టాల్సిన ఇంట్లో మూడు నెలలకూ రద్దుకూ ఎంత తేడా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ రాత్రి మా ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. టెన్షన్ ఆయనకు కడుపులో మొదలవుతుంది.

ఊళ్లో సలహాలకు కొదవ లేదు. మా మామ, "తీసుకోలేదని పోస్టుమాన్‌తో వెనక్కి పంపాల్సింది" అన్నాడు. ఆఫీసు బయట జెరాక్స్ షాపు దగ్గర కూర్చునే ఒకతను, "మీరు లోపలికి పోవద్దు, నేను మాట్లాడతా, ఇంత అవుద్ది" అని వేళ్లు చూపించాడు. అది ఏ ఊరి ఆఫీసో రాయదలచుకోలేదు. ఇలాంటి వాళ్లు ఏ ఆఫీసు బయటైనా ఉంటారు. నాకు అతని మీద కోపం కూడా రాలేదు, వినడానికి అంత ధైర్యంగా ఉంది అతని మాట. కానీ లోపల ఫైలు మీద ఏం రాస్తారో అతనికేం తెలుసు? మా ఆయన లైసెన్స్ రద్దయితే అతను వచ్చి బండి నడుపుతాడా?

బాబాయి దగ్గరికి పోయి కూర్చున్నాం. ఆయన ముందు మా ఆయన్ని అడిగాడు, "ఫోన్ మాట్లాడావా?" అని. "మాట్లాడా బాబాయ్." "జనం ఎక్కారా?" "ఎక్కారు." "అయితే ఆ రెండూ కాదని రాయొద్దు. కాదంటే నిజం చెప్పే చోట కూడా నమ్మరు. మనం కొట్లాడాల్సింది ఒక్క ముక్క మీద, రెండోసారి అనే ముక్క మీద" అన్నాడు. ఇన్ని సలహాల్లో పనికొచ్చింది ఈ ఒక్క మాటే.

చలానా బండికి పడుతుంది, లైసెన్స్ మనిషిది. కెమెరా తీసేది నంబరు ప్లేటుని. మెసేజ్ పోయేది ఓనరు ఫోనుకి. అప్పుడు ఓనరుగా నేను డబ్బు కట్టేశాను. ఎవరు నడిపారని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అడిగితే చెప్పాల్సిన బాధ్యత ఓనరుకు ఉంది, అది 133వ సెక్షన్. అడగనప్పుడు మాత్రం ఆ చలానాలో డ్రైవరు పేరే ఉండదు. డ్రైవరు పేరు లేని చలానాను తెచ్చి మా ఆయన మొదటి నేరంగా ఎట్టా లెక్క వేస్తారన్నది మా వాదన.

వాదన బాగానే ఉంది, రుజువు ఏది? నేను పాత కాగితాల సంచి దింపాను. చలానా తారీఖు చూస్తే ఎక్కడో తెలిసినట్టు అనిపించింది. మా మామకు కంటి ఆపరేషన్ అయిన రోజు అది. ఆస్పత్రి కాగితాల్లో ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు రాసిన పత్రం మీద, తోడు వచ్చిన మనిషి దగ్గర మా ఆయన సంతకం, కింద తారీఖు, పక్కన టైము. నర్సమ్మ ఎవరో టైము వేసే అలవాటున్న మనిషి. ఆమెకు నూరేళ్ల ఆయుష్షు. కావలి చలానాలో ఉన్న టైముకు మా ఆయన ఒంగోల్లో ఆస్పత్రి వరండాలో ఉన్నాడని ఆ ఒక్క కాగితం చెప్పింది.

బాబాయి ఇంకో మాట అన్నాడు. మరిది చేత కూడా "ఆ రోజు బండి నేనే నడిపాను" అని రాయించుకుంటే గట్టిగా ఉంటుందని. అడిగాను. "వదినా, నా లైసెన్స్ మీదికి తెస్తావా?" అన్నాడు. వాడి భార్య లోపలి గదిలో నుంచి గిన్నెల చప్పుడు పెంచింది. పక్క రోజు వాళ్ల అత్తగారి ఊరి నుంచి ఫోన్ వచ్చింది, పెద్దవాడి కోసం చిన్నవాణ్ణి బలి చేస్తారా అని. రాసి ఇవ్వలేదు. సరే, ఆస్పత్రి కాగితంతోనే పోదామనుకున్నాం.

వివరణ తెలుగులోనే రాశాను. ఇంగ్లీషులో ఉంటేనే చూస్తారని జెరాక్స్ షాపు అతను భయపెట్టాడు గానీ అదేం లేదు. నోటీసు నంబరు, తారీఖు పైన వేశాను. ఫోన్ మాట్లాడిన సంగతి, కూలీలు ఎక్కిన సంగతి ఒప్పుకుంటూ రెండు వాక్యాలు. కావలి చలానా సంగతి ఒక పేజీ. చివర, రోజూ బండి మీద బతికే కుటుంబం కాబట్టి శిక్ష మొదటి నేరానికి ఉన్నంతే వేయమని, వీలైతే టూవీలర్ వరకు మినహాయించమని అడిగాను. ఆ మినహాయింపు ఆలోచన బాబాయిది. లైసెన్సులో ఉన్న అన్ని రకాల బండ్లకూ గానీ, కొన్నిటికే గానీ అధికారి ఆంక్ష పెట్టవచ్చని చట్టంలోనే ఉంది. రెండు కాపీలు తీసి ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేయడానికి గుమస్తా కొంచెం విసుక్కున్నాడు. వేయించుకునే దాకా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

విచారణ రోజు మేమిద్దరం పోయాం. లాయరు కావాలంటే రావచ్చు గానీ బాబాయి రాలేదు, "నువ్వు చాలు, కాగితాలు నీ చేతిలో ఉన్నాయి" అన్నాడు. వరండాలో మాతో పాటు ఇంకొందరు ఉన్నారు. ఒక గ్రానైట్ లారీ డ్రైవరు, చీమకుర్తి నుంచి, ఓవర్‌లోడు కేసు. ఒక కుర్రాడు తాగి నడిపి దొరికాడు, వాళ్ల నాన్న పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడకుండా గోడ మీద పోస్టర్లు చదువుతున్నాడు. ఆ పిల్లాడికి కోర్టు వేరే, ఇక్కడ లైసెన్స్ వేరే. తాగి నడిపిన కేసులో మొదటిసారే ఆరు నెలల దాకా జైలు, 10,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చాలు. "ఒక్క బీరే కదా" అంటున్నాడు వాడు, అందరికీ వినపడేలా. వాళ్ల నాన్న ఇంకో పోస్టరు దగ్గరికి జరిగాడు.

మా పేరు పిలిచారు. అధికారి వయసులో చిన్నాయన. ఫైలు తిప్పుతూ మా ఆయన్ని అడిగాడు, "ఆ రోజు బండిలో ఎంతమంది?" మా ఆయన సంఖ్య చెప్పాడు. "వాళ్లలో సరుకు మనిషి ఎవరైనా ఉన్నారా? హమాలీలా?" "లేరు సార్, కోత కూలీలు." ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో ఇంటికి వచ్చాక బాబాయి చెప్పాడు. సరుకు బండిలో సరుకు యజమాని గానీ, ఆయన తరఫు మనిషి గానీ సరుకుతో పాటు పోతుంటే బీమా వర్తిస్తుంది, 1994లో చట్టానికి ఆ సవరణ తెచ్చారు. ఊరికే ఎక్కించుకున్న వాళ్లకు, చార్జీ ఇచ్చి ఎక్కిన వాళ్లకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అంటే ఆ బండి ఆ రోజు పక్కకు ఒరిగి ఉంటే, వెనక ఉన్న వాళ్లందరి పరిహారమూ ఆర్‌సీ మీద పేరున్న మనిషి కట్టాలి. ఆ పేరు నాది. ఈ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత కావలి చలానా సంగతి వచ్చింది. ఆస్పత్రి కాగితం ఇచ్చాను. ఆయన సంతకాన్ని, లైసెన్స్ మీద సంతకాన్ని పక్కపక్కన పెట్టి చూశాడు. చలానా ప్రింటు తీసి టైము చూశాడు. కళ్లజోడు తీసి, "మరి ఎవరు నడిపారమ్మా?" అని నన్నడిగాడు.

అక్కడ నేను ఒక్క నిమిషం ఆగాను. మా ఆయన నా వంక చూడలేదు, కింద టైల్స్ వంక చూస్తున్నాడు. "మా మరిది సార్" అన్నాను. పేరు చెప్పమంటే చెప్పాను. ఆయన పెన్సిల్‌తో ఫైలు మార్జిన్లో రాసుకుని, "అతన్ని జాగ్రత్తగా నడపమని చెప్పండి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ పెన్సిల్ రాత ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది.

టూవీలర్ మినహాయింపు మాత్రం ఇవ్వలేదు. "ఫోన్ మాట్లాడే చెయ్యి బైక్ మీదైనా మాట్లాడుతుంది కదమ్మా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆర్డరు కొన్ని రోజులకు వచ్చింది. మొదటి నేరంగా తీసుకుని మూడు నెలలు, అన్ని రకాల బండ్లకూ. అందులో కారణాలు రాశారు, ఆస్పత్రి కాగితం ప్రస్తావన కూడా ఉంది. సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలకు చెప్పిన విషయం గురించి బాబాయి ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి ఆశ్చర్యం వేయలేదు. అతివేగం, రెడ్ లైట్ దాటడం, సరుకు బండికి ఓవర్‌లోడు, సరుకు బండిలో మనుషులు, తాగి నడపడం, ఫోన్ మాట్లాడుతూ నడపడం, ఈ ఆరింటిలో దేనికైనా తక్కువలో తక్కువ మూడు నెలలు సస్పెండ్ చేయమన్నారు. మా కేసులో ఆరింటిలో రెండున్నాయి.

ఆర్డరు అందిన 30 రోజుల్లో పైఅధికారికి అప్పీలు చేసుకోవచ్చు. చేయలేదు. అడిగిందే వచ్చింది, దాని మీద మళ్లీ తిరిగితే తిరుగుడు ఖర్చే. కానీ రద్దు అని వచ్చి ఉంటే తప్పకుండా పోయేదాన్ని. అందుకే ఎవరికైనా చెప్తాను, నోటి మాటగా "మూడు నెలలు పడిందమ్మా, పో" అంటే రావద్దు. తారీఖు, కారణం రాసిన ఆర్డరు చేతికి తీసుకోవాలి. అది లేకపోతే అప్పీలుకు పోవడానికి ఆధారం ఉండదు, మూడు నెలలు ఎప్పుడు మొదలయ్యాయో కూడా తెలియదు.

ఆ మూడు నెలలూ యాక్టింగ్ డ్రైవరును పెట్టాం. రోజు కూలి, బత్తా, టీ ఖర్చు. వచ్చిన డబ్బులో డీజిలు, కిస్తీ పోతే మిగిలేది పేరుకే. ముందు వచ్చిన డ్రైవరు లైసెన్స్ ఫోన్లో పరివాహన్ అనే సర్కారు సైట్లో చూస్తే గడువు అయిపోయి ఉంది. వాణ్ణి పంపేశాను. లైసెన్స్ లేని మనిషికి బండి ఇస్తే 180వ సెక్షన్ కింద ఓనరుకే 5,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు. తర్వాత వచ్చిన అతనిది మామూలు ఎల్‌ఎంవీ, అంటే తేలికపాటి బండ్ల లైసెన్స్. దాని మీద సరుకు బండి నడపకూడదంటారు కొందరు. బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే ఆ లైసెన్స్ చాలని 2024 నవంబర్లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. మా బండి అంతలోపే.

మా ఆయన పరిస్థితి చూడాలి. బండి ఇంటి ముందే ఉంటుంది, తాళం గోడకే ఉంటుంది. "ఊళ్లోనే కదా, గడ్డివాము దాకా పోయొస్తా" అనేవాడు. సస్పెన్షన్లో ఉండగా నడిపితే 182వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు గానీ, 10,000 గానీ, రెండూ గానీ. నడపనిచ్చినందుకు నా మీద ఇంకో కేసు. అదీ కాక ఏ మనిషికైనా తగిలితే బీమా కంపెనీ బాధితుడికి ముందు కట్టినా, తర్వాత ఆ డబ్బు నా దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఇవన్నీ చెప్పి చెప్పి విసుగొచ్చి తాళం నా బీరువాలో పెట్టాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

టీవీఎస్ ఎక్సెల్ కూడా ముట్టుకోవడానికి లేదు కాబట్టి సంతకు పోవాలన్నా, పొలానికి పోవాలన్నా నేనే నడపాలి, ఆయన వెనక కూర్చోవాలి. నాకు లైసెన్స్ ఎప్పుడో ఉంది, నడిపే పని పడలేదంతే. రచ్చబండ దగ్గర ముసలాళ్లకు మేం దాటిన ప్రతిసారీ కొత్త జోకు దొరికేది. "ఏరా, డ్రైవరుకి జీతమెంత ఇస్తున్నావ్?" అని ఒకాయన. మొదట్లో మా ఆయన తల దించుకునేవాడు. తర్వాత తర్వాత, "నెమ్మదిగా పో, గుంట ఉంది, బ్రేకు వెయ్యి" అని వెనక నుంచి పాఠాలు మొదలుపెట్టాడు. దానికన్నా తల దించుకున్నదే నయం.

గడువు అయిపోగానే లైసెన్స్ దానంతట అది చేతికి రాదు. రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తి చేసినట్టు కాగితం ఉంటేనే తిరిగి ఇస్తారు, అదీ 19వ సెక్షన్లోనే ఉంది. కాబట్టి మూడు నెలలు పూర్తయ్యే దాకా ఆగకుండా ముందే ఆ క్లాసుకు పోవడం మంచిది. లేదంటే గడువు అయిపోయినా ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది. ఇన్నేళ్లు బండి నడిపినవాడికి ఏం నేర్పుతారని మా ఆయన సణుక్కుంటూ పోయాడు. వచ్చాక, సరుకు బండి తొట్టిలో మనుషులు నిలబడితే బరువు పైకి పోయి మలుపులో బండి ఎలా ఒరుగుతుందో బొమ్మ గీసి చూపించారని చెప్పాడు. మిగతా క్లాసంతా నిద్ర వచ్చిందన్నాడు. ట్రైనింగ్ కాగితం, ఆర్డరు కాపీ, ఆ పాత చీటీ ఇస్తే లైసెన్స్ ఇచ్చారు. సైట్లో కూడా మళ్లీ యాక్టివ్ అని చూపిస్తోందా లేదా అని అక్కడే నిలబడి చూసుకున్నాం. కార్డు చేతికొచ్చినా కంప్యూటర్లో సస్పెండ్ అనే ఉంటే రోడ్డు మీద మళ్లీ ఆపుతారు.

కోత కూలీలను ఇప్పుడు ఎక్కించుకోవడం లేదు. మేస్త్రి వేరే ట్రాలీ మాట్లాడుకున్నాడు. అదే ఆడవాళ్లు, అదే రోడ్డు, బండి మాత్రం వేరే వాళ్లది. ముఠాలో మా పెద్దమ్మ కూతురు కూడా ఉంది. అట్టా ఎక్కొద్దని చెప్తే, "నువ్వు దించేశావు, ఇంకొకరు ఎక్కించుకున్నారు, మేం కోతకు పోవద్దా అక్కా?" అంది.

బండిలో ఒక పుస్తకం పెట్టాను. ఏ రోజు ఎవరు నడిపారు, ఎన్నింటికి తీసుకున్నారు, సంతకం. యాక్టింగ్ డ్రైవర్లు నవ్వుతూ పెట్టారు, మా ఆయన తిట్టుకుంటూ పెట్టాడు. మా మరిది కొన్నాళ్లు మా గడప తొక్కలేదు. ఈ మధ్యే మళ్లీ బండి అడుగుతున్నాడు. పుస్తకంలో సంతకం పెట్టు, ఆ కావలి చలానా డబ్బు కూడా పెట్టు అన్నాను. సంతకం పెట్టాడు.